హాకీ మైదానానికి పెండ అలుకు

ఒక మనిషి తాను ప్రాణంగా చూసుకునే జట్టును, ఎదుటి జట్టు చెయ్యి కూడా కదపకుండా, ఒక్కడే ముంచేయగలడా అని మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? వచ్చి ఉంటే కాస్త సర్దుకుని కూర్చోండి. నేను దాదాపు ముంచాను. అదీ కోపంతో కాదు, ప్రేమతో. ఆఫీసుకు సెలవు పెట్టి, ఎద్దుల్ని బతిమాలి తెచ్చుకుని, పద్ధతి ప్రకారం ముంచాను. నేనేది చేసినా పద్ధతి తప్పను.

పద్ధతి అంటే గుర్తొచ్చింది. చదువుకునే రోజుల నుంచీ నాకు డైరీ రాసే అలవాటు. ఎండా వానా రాయందే నాకు రోజు గడిచినట్టు ఉండదు. ఇంత పెద్ద ఉపద్రవం జరిగిన రోజున కూడా రాశాను: "ఆకాశం నిర్మలం. చలి కొంచెం. హాకీ చూశాను." అంతే ఉంది. మిగతాది రాయడానికి చెయ్యి రాలేదు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే రాలేదు. మణికట్టుకు కట్టు ఉంది.

పోలీసు యాక్షన్ ముగిసి పదేళ్ళు దాటిన రోజులవి. నేను వికారాబాదు తాలూకా కచేరీలో గుమాస్తాను. సొంతూరు తాండూరు పక్కన. మాది కంది పండించే ఇల్లు. ఒళ్ళు వికారాబాదులో ఉన్నా, మనసు మాత్రం వారమంతా తాండూరు మైదానం గట్టు మీదనే కూర్చుని ఉండేది. కారణం తాండూరు హాకీ జట్టు.

ఆ జట్టును నడిపేది రాళ్ళ సేఠ్. ఆయన అసలు పేరు ఆయన ఇంటివాళ్ళకైనా గుర్తుందో లేదో నాకు తెలియదు. నాపరాయి గనులున్నాయి, రాళ్ళను నునుపు చేసే మిల్లు ఉంది. మిగతా ధనవంతులు పందెపు ఎడ్లను పెంచినట్టు, ఈయన హాకీ ఆటగాళ్ళను పెంచేవాడు. వాళ్ళకు మిల్లులో జీతం ఉండేది గానీ పని ఉండేది కాదు. ఆడటమే పని. ఆ చుట్టుపక్కల ఆటకు జీతం అనే మాట విన్నవాళ్ళు లేరు. మా నాయన అయితే చివరిదాకా నమ్మలేదు. "కట్టెతోని బంతిని కొడితె పైసలిస్తరా? నువ్వు చూసినవా ఇయ్యంగ?" అని అడుగుతుండేవాడు.

జట్టుకు కెప్టెన్ ఖాదర్. రాళ్ళ గనిలో పనిచేసేవాడి కొడుకు. సన్నగా, ఎండిన జొన్నదంటులా ఉండేవాడు గానీ, బంతి కర్రకు తగిలిందంటే మేకపిల్ల తల్లి వెంట పడ్డట్టు ఆయన వెంట పడేది. ఎంతమంది అడ్డమొచ్చినా వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి బంతిని తోలుకుపోయేవాడు. నేను ప్రతి ఆదివారం పాసింజరు బండెక్కి తాండూరు పోయేవాణ్ణి. అదే గట్టు, అదే రాయి, అదే నీలిగీతల చొక్కా. ఒకసారి ఆ రాయి మీద ఎవరో ముసలాయన కూర్చుంటే, ఆయన్ను లేపలేక, ఆట అయ్యేదాకా ఆయన వెనకాలే ఆనుకుని నిలబడ్డాను. పాపం, ఆయన నన్ను జేబుదొంగ అనుకున్నాడు.

మా కచేరీలో నాకు పైఅధికారి పేష్కార్ సాబ్. ఆయన వికారాబాదు హాకీ జట్టుకు అధ్యక్షుడు కూడా. ఇక నా బతుకు ఎట్లా ఉండేదో ఊహించుకోండి.

"ఏమయ్యా రాంరెడ్డీ, అన్నం తినేది వికారాబాదుల, చప్పట్లు కొట్టేది తాండూరుకా?" అనేవాడు ఫైలులోంచి తల ఎత్తకుండానే.

"కడుపు ఈడుంది సాబ్, దిల్ ఆడుంది."

"మరి సెలవు కావాల్నంటె దిల్‌ను అడుగు. నన్నెందుకు అడుగుతవ్?"

ఏటేటా కందులు ఇంటికొచ్చే కాలంలో ఈ రెండూళ్ళకూ షీల్డు కోసం ఒక ఆట జరిగేది. వరుసగా కొన్నేళ్ళ నుంచి వికారాబాదే గెలుస్తూ వచ్చింది. ఓడిన ప్రతిసారీ సేఠ్ మొహం ఒక అంగుళం పొడుగయ్యేది. చివరికి ఒక రోజు జట్టునంతా మిల్లు ముందు నిలబెట్టి చెప్పేశాడు.

"ఈసారి ఓడితె ఆట బంద్. జట్టు బంద్. కట్టెలన్ని మా ఇంట్ల పొయ్యిలకు పోతయ్. మీరు గనిలకు పోవుండ్రి."

సేఠ్ మాటంటే రాతి మీద గీత. ఓడితే ఖాదర్ మళ్ళీ గనిలోకి దిగి సుత్తి పట్టాలి. అట్లాంటి చేతులు సుత్తి పట్టడమంటే, మా ఇంట్లో మంచి పట్టుచీర తీసి పొయ్యి దగ్గర మసిగుడ్డ చేసినట్టే. నా సంగతి చెప్పనవసరం లేదు. జట్టు లేకపోతే నాకు ఆదివారమనేదే లేదు.

అప్పుడు నేను ఆలోచించడం మొదలుపెట్టాను. మా ఇంట్లో నేను ఆలోచిస్తున్నానంటే మా అమ్మ పాలగిన్నె దూరంగా పెట్టేది. అయినా ఆలోచించాను. తప్పు ఎక్కడుంది? ఖాదర్‌లో లేదు. తప్పు మైదానంలో ఉంది! తాండూరు మైదానం నిండా రాతి చెక్కలే. ఖాదర్ బంతిని నేలకు ఆనించి సుతారంగా తోలుకుపోతుంటే, చెక్క తగిలి బంతి కప్పలా ఎగిరేది. వికారాబాదు వాళ్ళకు ఆ బాధ లేదు, వాళ్ళెప్పుడూ బంతిని దూరంగా బాదడమే. అంటే నేల నున్నగా ఉంటే ఖాదర్‌ను ఆపేవాడు లేడు.

సేఠ్ దగ్గరికి పోయాను.

"సేఠ్‌జీ, మైదానం నాకు ఒప్పజెప్పుండ్రి. అద్దం లెక్క చేస్త."

"నీకు మైదానం చేసుడు వస్తదా?"

"ఏటేటా మా ఇంట్ల కల్లం చేసేది నేనే సేఠ్‌జీ. కల్లం చేసినోనికి మైదానం ఒక లెక్కనా?"

సేఠ్ రాళ్ళ మనిషి. కల్లం సంగతి ఆయనకేం తెలుసు? తల ఊపాడు. ఆ తల ఊపు దగ్గరే నా ఉపద్రవానికి శంకుస్థాపన జరిగింది.

కల్లం ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం ఒక మాట. కోసిన పంటను కుప్ప పోసి కొట్టడానికి రైతు చేసుకునే నేలే కల్లం. గింజ మట్టిలో కలవకూడదు, సందుల్లో దూరకూడదు. అందుకని గడ్డి చెక్కి, నీళ్ళు చల్లి, రాతిగుండు దొర్లించి, ఎడ్లతో తొక్కించి, చివరికి పెండనీళ్ళతో అలుకుతారు. నేను మైదానానికి ఇదంతా చేశాను. వారం పొడుగునా చేశాను. రాతి చెక్కలు ఏరించాను. మా నాయన ఎడ్లను తోలుకొచ్చి గుండు దొర్లించాను. ఊళ్ళో పశువులున్న ప్రతి ఇంటికీ తిరిగి పెండ అడుక్కొచ్చాను. అంతటితో ఊరుకుంటే నేను నేనెట్లా అవుతాను? సేఠ్ మిల్లులో రాళ్ళు అరిగినప్పుడు వచ్చే మెత్తటి పిండిని ఆ పెండలో కలిపి అలికించాను. ఆరిన తర్వాత చూస్తే, ఏం చెప్పను! దాని మీద చారు పోసుకుని అన్నం కలుపుకోవచ్చు.

ఖాదర్ వచ్చి చెప్పులు విప్పి నడిచాడు. బంతిని ఇట్లా తాకించి వదిలితే అది మైదానం అవతలికి పోయి, మమ్మల్ని వెనక్కి తిరిగి చూసి, ఇంకొంచెం దూరం పోయింది.

"యా అల్లా! రెడ్డీ, ఇది మైదానమా, దర్గాల బండల ఫర్షా? దీని మీద ఆడాల్నా, చెద్దరేసి పండుకోవాల్నా?"

"ఆడు మియా. ఈసారి షీల్డు మనదే."

ఆట ముందురోజు సాయంత్రం నేనే సున్నంతో గీతలు గీశాను. చుట్టూ హద్దులు. ఇటూ అటూ గోలు ముందర పెద్ద అర్ధచంద్రాలు. ఆ సున్నపు గీతల్ని చూసుకుంటూ ఎంత మురిసిపోయానంటే, ఇంటికి పోతూ పోతూ మలుపు దాకా వెనక్కే నడిచాను.

ఆట రోజు పొద్దున వికారాబాదు జట్టు బండిలో దిగింది. వెంట పేష్కార్ సాబ్, చేతిలో గొడుగు. ఆయన్ను తీసుకురావడానికి నేనే స్టేషనుకు పోయాను. మర్యాదకు కాదు, మైదానం చూపించి ఆయన మొహం చూద్దామని.

"సాబ్, జర మా మైదానం చూడుండ్రి. వికారాబాదుల గిట్లాంటిది ఉన్నదా చెప్పుండ్రి."

"చూస్త పద."

దారి పొడుగునా నా పనితనం వర్ణిస్తూ తీసుకుపోయాను. మలుపు తిరిగాం. పేష్కార్ సాబ్ ఆగిపోయాడు. గొడుగు తెరిచాడు, మళ్ళీ మూశాడు.

"రాంరెడ్డీ," అన్నాడు చాలా నెమ్మదిగా, "మీ జట్టుల ఎడ్లు గూడ ఆడుతయా?"

మైదానం నిండా బండ్లు! గోలు గుంజలకు ఎడ్లు కట్టేసి ఉన్నాయి. నడిమధ్య మనిషెత్తున ఎండు కందికట్టె కుప్పలు. ఆడవాళ్ళు కొంగులు బిగించి కట్టెలు చేతపట్టుకుని ఉన్నారు. కన్నడ సరిహద్దు దిక్కు పల్లె నుంచి వచ్చిన సాయప్ప అనే పెద్ద రైతు తలపాగా చుట్టుకుంటూ అందరికీ పని పురమాయిస్తున్నాడు.

పరుగెత్తాను. "ఎవరిదే గీ కంది?"

"మాదే పటేలా. మొన్న మా దిక్కు పడ్డ వానకు మా ఊర్ల కల్లాలన్ని బురదైనయ్. కాయ కొట్టుకునే జాగ లేక గంజ్ బజారు దిక్కు వస్తాంటె గీ కల్లం కనబడ్డది. అబ్బబ్బ, ఏం కల్లం! నా ఇన్నేండ్లల్ల గిసుంటిది చూడలే. ఎవ్వరు చేసిండ్రో గని, ఆళ్ళ చేతులు సల్లగుండ!"

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నా ఛాతీ ఉబ్బింది. వెంటనే దించుకున్నాను.

"గిది కల్లం గాదే! హాకీ మైదానం!"

"హాకీ అంటె?"

"ఆట."

సాయప్ప వంగి నేల మీద అరచెయ్యి రాశాడు. వాసన చూశాడు. "ఆటకు పెండ అలుకుతరా పటేలా?"

వెనకనుంచి పేష్కార్ సాబ్ గొంతు వినిపించింది. "చెప్పవయ్యా. పెద్దమనిషి అడుగుతుండు. అలుకుతరా?"

"ఇగో, సున్నం గీత గూడ ఉండె," అన్నాడు సాయప్ప. మా దిక్కున కల్లంలో గింజల రాశి చుట్టూ దిష్టి తగలకుండా గీత గీయడం ఆచారం. "గని ఎవ్వరో తెలివిలేనోడు సగమే గీసి ఇడిసిండు. సగం గీతుంటె పంట ఆగమైతది గద! మా ఇంటామె బూడిద తెచ్చి మిగిలిన సగం కలిపింది."

చూస్తే నిజమే. నా అర్ధచంద్రాలు రెండూ పున్నమి చంద్రులై వెలుగుతున్నాయి.

"సాయప్పా, నీ కాళ్ళు మొక్కుత. కంది ఎత్తుండ్రి. మాపు ఆటున్నది."

ఒక ముసలమ్మ ముక్కు మీద వేలేసుకుంది. సాయప్ప నన్ను పైకీ కిందికీ చూశాడు.

"కల్లం ఎక్కిన పంటను కొట్టకుంట దించుతరా? నువ్వు రైతుల ఇంట్ల పుట్టలేదా?"

పుట్టాను. అదే నా ఖర్మ. ఇంకెవరన్నా అయితే కసిరి, పోలీసుల్ని పిలిచి, బండ్లు తోలించేవాళ్ళేమో. నాకు మాత్రం మా నానమ్మ కళ్ళ ముందు నిలబడింది. కల్లంలో దించిన కుప్పను కొట్టకుండా ఎత్తితే ఆ ఏడు ఇంట్లో గింజ నిలవదని ఆమె నమ్మకం. ఒకసారి వాన కురుస్తుంటే, మా నాయన కుప్ప ఎత్తబోతే చేతులు చాచి అడ్డం పడుకుంది.

అంతలో ఖాదర్ జట్టుతో వచ్చాడు. కుప్పలు చూశాడు, ఎడ్లు చూశాడు, నన్ను చూశాడు.

"క్యా హువా మియా?"

చెప్పాను. ఆట జరగకపోతే మా జట్టు చేతులెత్తేసినట్టే, షీల్డు వికారాబాదుకే. అంటే ఓడినట్టే. ఓడితే గని.

ఖాదర్ కాసేపు తల గోక్కున్నాడు. "అంటే, కొడితె ఎత్తుతరు. కొట్టకుంటె ఎత్తరు. గంతేనా?"

"గంతే."

"కొట్టుడు ఎంతసేపైతది, పెద్దాయనా?"

"మేమే కొడితె మాపటికైతది బిడ్డా," అన్నాడు సాయప్ప.

ఖాదర్ తన హాకీ కర్రను చూసుకున్నాడు. కుప్పను చూశాడు. జట్టును చూశాడు. "చలో," అన్నాడు.

ఆ దృశ్యం మీకు చూపించగలిగితే బాగుండు. తాండూరు జట్టు మొత్తం, మెరిసే చొక్కాలు వేసుకుని, వరుసగా నిలబడి, హాకీ కర్రలతో కందికాయ కొడుతోంది! సాయప్ప వాళ్ళ చుట్టూ తిరుగుతూ, "కట్టె వంకరున్నది గని దెబ్బ మంచిగ పడ్తాంది. గా పొడుగు పిలగాడా, జర కిందికెల్లి కొట్టు!" అని నేర్పుతున్నాడు. ఆ పొడుగు పిలగాడు మా సెంటర్ హాఫ్. ఎదుటి జట్టుకు సింహస్వప్నం. తలవంచుకుని కిందికెల్లి కొట్టాడు.

వికారాబాదు ఆటగాళ్ళు గట్టు మీద కూర్చుని కాసేపు నవ్వారు. కానీ వాళ్ళలోనూ సగం మంది రైతు కొడుకులే. కల్లంలో దెబ్బల చప్పుడు వింటూ చేతులు ముడుచుకుని కూర్చోవడం వాళ్ళ వల్ల కాలేదు. ఒకడు లేచాడు. "అరె, గట్ల గాదువయ్య," అని ఇంకొకడు లేచాడు. చివరికి గట్టు మీద పేష్కార్ సాబ్ ఒక్కడే గొడుగు కింద మిగిలాడు.

"వాపసు రాండ్రిరా! మనం ఆటకొచ్చినం, కూలికి రాలే!" అని అరిచాడు గానీ, ఆయన అరుపు కందిపొట్టులో కొట్టుకుపోయింది.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. సాయప్ప ఇంటామె అందరికీ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రెండు జట్లూ కడుపునిండా తిన్నాయి. పోతూ పోతూ సాయప్ప ఖాదర్ తల మీద చెయ్యి పెట్టి, "నీకు ఆట రాకున్నా ఫికర్ లేదు, మా ఊరికి రా," అని దీవించాడు.

మైదానం ఊడిపించాను. పైనుంచి కింది దాకా ఊడిపించాను. కానీ కందిగింజ సంగతి మీకు తెలుసు కదా. వంటింట్లో గిన్నె ఒలికితే పండగ దాకా మూలల్లో కనబడుతూనే ఉంటుంది. ఇక్కడ ఒలికింది బండ్ల కొద్దీ. కింద నేలేమో నేను నా చేతులారా చేసిన అద్దం. అద్దం మీద గుండ్రటి గింజలు. మీరు తొందరపడకండి, నేనే చెబుతాను.

సేఠ్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎవ్వరూ ఆయనకు ఏమీ చెప్పలేదు. డ్రిల్లు మాస్టారు అంపైరు. ఈల వేశాడు. ఈల వేసి ఒక అడుగు ముందుకు వేశాడు. రెండో అడుగు అవసరం లేకుండానే సగం మైదానం పోయాడు. చివరికి కూర్చున్నాడు. ఈల మాత్రం నోట్లోనే ఉంది, కూర్చున్న దెబ్బకు అదే ఇంకోసారి మోగింది.

తర్వాత జరిగినదాన్ని ఆట అనాలో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఖాదర్ పరుగెత్తి ఆగితే కాళ్ళు ఆగేవి, ఖాదర్ ఆగేవాడు కాదు. వికారాబాదు వాళ్ళు బలంగా బాదబోతే కర్ర ఒక దిక్కుకు పోయేది, మనిషి ఒక దిక్కుకు పోయేవాడు. ఇద్దరు ఎదురెదురుగా వచ్చారంటే పాత చుట్టాల్లా ఒకరినొకరు కావలించుకోవడమే. మా గోల్‌కీపర్ గుంజను పట్టుకుని నిలబడ్డాడు, దాన్ని వదిలితే ఒట్టు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. సేఠ్ ఒక్కడే నవ్వలేదు. ఆయన మొహం పొడుగవుతూ గడ్డం దాటిపోయింది.

నేను చీపురు పట్టుకుని గీతల వెంట తిరుగుతున్నాను. ఎక్కడ గింజ కనబడితే అక్కడ ఊడుస్తున్నాను. చాలా ఏళ్ళ తర్వాత మా మనవడు టీవీలో మంచుగడ్డ మీద ఆడే హాకీ పెట్టి, "తాతా, నువ్వు ఇసుంటిది ఎప్పుడన్న చూసినవా?" అన్నాడు. "చూసిన బేటా, తాండూరుల," అన్నాను. వాడు నాకు మతి చలించిందనుకున్నాడు.

ఆ మాట ఎందుకన్నానంటే, ఆట ముగిసే వేళకు ఖాదర్ కిటుకు పట్టేశాడు. పరుగెత్తడం మానేశాడు. ఒక కాలితో తన్ని, రెండు కాళ్ళూ ఆనించి, నిలువునా జారుతున్నాడు! బంతి కర్రకు అంటుకునే ఉంది. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు. జనం నవ్వు ఆపి లేచి నిలబడ్డారు. సేఠ్ కుర్చీ అంచుకొచ్చాడు. వికారాబాదు గోల్‌కీపర్ అడ్డంగా వచ్చి, అడ్డంగానే అటు పోయాడు. ఖాళీ గోలు! ఖాదర్ బంతిని సుతారంగా, పసిపిల్లను తొట్లో పడుకోబెట్టినట్టు, ముందుకు తోశాడు. బంతి దొర్లుతూ పోతోంది. ఇక ఆపేవాడు లేడు. జట్టు బతికింది!

అప్పుడు నాకు కనబడింది. గోలు గీతకు కొంచెం ముందు, చిన్న కందిగింజల కుప్ప. బంతి దానికి తగిలితే? పక్కకు తిరిగితే?

ఇంకెవరన్నా అయితే కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలచుకునేవాళ్ళు. నేను పద్ధతి మనిషిని. చీపురెత్తుకుని ఉరికాను.

గింజల దగ్గరికి చేరాను. చేరి ఆగలేదు. ఆకాశం కనబడింది. నిర్మలంగా ఉంది. డైరీలో రాసింది అదే. వెల్లకిలా జారుకుంటూ పోయి, గోలు గీతకు అడ్డంగా, కొలత పెట్టి వేసినట్టు ఆగాను. బంతి మెల్లగా వచ్చి నా చంకలో దూరి పడుకుంది.

అంత జనంలోంచి ఒకే ఒక్క మనిషి చప్పట్లు. పేష్కార్ సాబ్ లేచి నిలబడి కొడుతున్నాడు.

"శభాష్ రాంరెడ్డీ! కచేరీల ఇన్నేండ్లల్ల ఒక్కనాడు గిట్ల పని చెయ్యలే!"

బయటివాడు బంతిని తాకాడు కాబట్టి గోలు లేదన్నాడు అంపైరు. అదే చోట బుల్లీ పెట్టాడు. అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, కర్రలు తాకించుకుని బంతి కోసం పోటీ పడాలి. పోటీ పడ్డారు, ఇద్దరూ పడ్డారు. బంతి మాత్రం కదల్లేదు. కాలం అయిపోయింది. ఎవరికీ గోలు లేదు.

ఖాదర్ వచ్చి నన్ను లేపాడు. చెయ్యి పట్టుకుంటే కెవ్వుమన్నాను, మణికట్టు విరిగింది. ఆయన తిట్టలేదు. చాలా మర్యాదగా అడిగాడు.

"రెడ్డీ, నిజం చెప్పు. నువ్వు మా దిక్కా, ఆళ్ళ దిక్కా?"

జనమంతా సేఠ్ చుట్టూ మూగారు. ఆయన నోటి నుంచి ఏ మాట వస్తుందోనని ఖాదర్ కర్ర చివరను నేలకు ఆనించి నిలబడ్డాడు.

"గెలిచిండ్రా?" అన్నాడు సేఠ్.

"లేదు సేఠ్‌జీ."

"ఓడిండ్రా?"

"లేదు సేఠ్‌జీ."

"ఓడితె బంద్ అన్న. ఓడలే. మళ్ళ ఆడుండ్రి. అప్పుడు గెలవకుంటె మాత్రం బంద్."

వచ్చే ఆదివారం వికారాబాదు మైదానంలో మళ్ళీ ఆట అని తేల్చారు. అప్పుడు ఖాదర్ ఒక్క షరతు పెట్టాడు. "రెడ్డి ఆ ఊర్ల ఉండొద్దు."

"కుదరదు!" అని పేష్కార్ సాబ్ లేచాడు. "ఆయన మా కచేరీ మనిషి. మా గోలు కాడ ఉండాల్సిందే. ఆయన ఉంటె మాకు గోల్‌కీపరే వద్దు!"

పెద్ద వాదన జరిగింది. చివరికి సేఠ్ కూడా ఖాదర్ వైపే మాట్లాడి ఆ షరతును నెగ్గించాడు. మా నానమ్మ పోయినప్పుడు కూడా సెలవివ్వడానికి నసిగిన పేష్కార్ సాబ్, ఎట్లాగూ సెలవైన ఆ ఆదివారానికి, ఆస్తి రాసిస్తున్నంత బాధగా నాకు సెలవు మంజూరు చేశాడు. నేనుండే ఊళ్ళో నా జట్టు ఆడుతుంటే, ఆ ఊరి పొలిమేర దాటి నేను తాండూరులో ఉండాలి!

ఆదివారం వచ్చింది. తాండూరు తాండూరంతా బండెక్కి వికారాబాదు పోయింది. స్టేషనులో నేనొక్కణ్ణి, మెడకు వేలాడగట్టిన చెయ్యి, ఒక పండ్లమ్మే ముసలమ్మ. ఈపాటికి ఆట మొదలై ఉంటుందని లేచేవాణ్ణి. ఈపాటికి ఖాదర్‌కు బంతి అంది ఉంటుందని కూర్చునేవాణ్ణి. ఎవరూ లేని పట్టాల వైపు తిరిగి "కొట్టు మియా!" అని ఒకసారి అరిచాను కూడా. ముసలమ్మ బుట్ట ఎత్తుకుని ప్లాట్‌ఫారం అవతలి కొసకు పోయింది.

సాయంత్రం పాసింజరు వచ్చింది. ముందు దిగింది ఖాదర్. చొక్కా నిండా ఎర్రమట్టి. చేతిలో షీల్డు లేదు. ఆయన వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు. పెట్టెలోంచి సేఠ్ షీల్డును చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని దిగుతున్నాడు! ఆయన మొహం గుండ్రంగా ఉంది. ఎన్నేళ్ళ తర్వాతో గుండ్రంగా ఉంది.

"మూడు గోల్స్ మియా," అన్నాడు ఖాదర్. "మూడూ నావే. అడ్డం ఎవ్వడూ పడుకోలే."

నేను ఏడ్చానో నవ్వానో, ఆ ముసలమ్మను అడిగితే తెలియాలి. బాగున్న చేత్తో ఖాదర్‌ను కావలించుకున్నాను. గని లేదు. సుత్తి లేదు. జట్టు ఉంది. నా ఆదివారాలు ఉన్నాయి.

"సేఠ్‌జీ, అయితె జట్టు ఉన్నట్టే కద?"

"ఉంటది. నేను బతికున్నన్ని దినాలు ఉంటది," అన్నాడు సేఠ్. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, చాలా ప్రేమగా అన్నాడు. "గని రెడ్డీ, నువ్వు ఈడ కూసుంటె గెలిచినం. వచ్చే ఏడు గూడ గెలవాలె. నువ్వు వచ్చే ఏడు గూడ ఈడ్నే కూసో."

అట్లాగే కూర్చున్నాను. ఆ తర్వాతి ఏడు, ఆ పైయేడు, ఆట వికారాబాదులో అయితే తాండూరు స్టేషనులో, తాండూరులో అయితే వికారాబాదు స్టేషనులో. మామూలు ఆదివారాలు గట్టు మీదికి రానిచ్చేవాళ్ళు గానీ, షీల్డు ఆట మాత్రం నేను మళ్ళీ చూడలేదు. మా వాళ్ళు మాత్రం చాలాసార్లు గెలిచారు. జట్టు కోసం గొంతు చించుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. కనబడకుండా పోయి గెలిపించినవాణ్ణి నేనొక్కణ్ణే.

కాబట్టి ఇంటిల్లిపాది సాక్షిగా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ నేను ప్రేమించిన జట్టుకు సాయం చేయను. నేల చదును చేయను, చీపురు పట్టను, సలహా ఇవ్వను. ఇప్పుడు కూడా టీవీలో మన దేశం ఆడుతుంటే, గోలు పడేట్టుందని అనుమానం రాగానే లేచి వరండాలోకి పోయి తలుపు వేసుకుంటాను. లోపల పిల్లల కేకలు వినిపించాక, తలుపు తట్టి, "నేను లోపలికి రావచ్చా?" అని అడుగుతాను.

ఆట పూర్తయ్యేదాకా వద్దంటారు. నిలబడే ఉంటాను.